ఇంగ్లీష్ వాక్యంలో సబ్జెక్ట్‌ని పట్టుకోవడం, వదిలేయకుండా రాయడం ఎలా?

ఇంగ్లీష్ నేర్చుకుంటున్న కొత్తలో, నేను పనిచేసే చోట మా పైఅధికారికి ఒక మెసేజ్ పెట్టాను. నా బుర్రలో ఉన్నది ఇది: "నిన్న రాలేదు, జ్వరం వచ్చింది, రేపు వస్తాను." దాన్ని మాటకి మాట మార్చేసి "యస్టర్డే నాట్ కేమ్, ఫీవర్ కేమ్, టుమారో విల్ కమ్" అని పంపేశాను. ఐదు నిమిషాల్లో ఫోన్. ఎవరు రాలేదు, జ్వరం ఎవరికి, రేపు ఎవరొస్తారు అని ఆయన వరసగా అడుగుతుంటే నాకు అర్థం కాలేదు, అంతా చెప్పాను కదా అనుకున్నాను. తర్వాత తీరిగ్గా చదువుకుంటే తెలిసింది, నేను పంపినదాని ప్రకారం రేపు వచ్చేది నేను కాదు, జ్వరం!

ఆ మెసేజ్‌లో గ్రామర్ తప్పులు చాలానే ఉన్నాయి, కానీ అసలు దెబ్బ కొట్టింది సబ్జెక్ట్, అంటే వాక్యం ఎవరి గురించో దేని గురించో చెప్పే మాట, లేకపోవడం. మిగతావన్నీ తప్పుగా రాసినా, మూడు చోట్ల "ఐ" అని పెట్టి ఉంటే ఆయనకి విషయం అర్థమయ్యేది. అందుకే ఇంగ్లీష్ మొదలుపెట్టేవాళ్ళు టెన్సుల పట్టిక బట్టీ పట్టకముందే ఈ ఒక్క పని నేర్చుకోవాలని నా అభిప్రాయం.

మనం దీన్ని ఎందుకు వదిలేస్తామో ముందు చూద్దాం, అది తెలిస్తే సగం పని అయిపోయినట్టే. తెలుగులో "వెళ్ళాను" అన్నారనుకోండి, "నేను" అని విడిగా చెప్పక్కర్లేదు, చివర్లో ఉన్న "ను" ఆ సంగతి చెప్పేస్తుంది. వెళ్ళాను, వెళ్ళాం, వెళ్ళావు, వెళ్ళారు, వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళాయి... ఒక్క క్రియకి 7 తోకలు. ఎవరు వెళ్ళారో ఆ తోకలోనే ఉంటుంది. ఇంగ్లీష్‌లో ఈ ఏడింటికీ కలిపి ఉన్నది ఒకే ఒక్క మాట, "వెంట్". దానికి తోక లేదు. "వెంట్" అని ఊరుకుంటే వెళ్ళింది మీరా, మీ అన్నయ్యా, పక్కింటివాళ్ళా, పిల్లా అని చెప్పే ఆధారం ఏమీ ఉండదు. ఒకప్పుడు ఇంగ్లీష్‌కీ ఇలాంటి తోకలు ఉండేవి, 1600 ప్రాంతంలో రాసిన ఇంగ్లీష్‌లో కూడా "దౌ గోయెస్ట్", "హి గోయెత్" లాంటివి కనిపిస్తాయి, కానీ అవి అరిగి అరిగి ఇప్పుడు "హి గోజ్"లో ఉన్న ఆ చివరి "జ్" శబ్దం తప్ప దాదాపు ఏమీ మిగల్లేదు. తోక పోయింది కాబట్టి తల, అంటే ముందుండే సబ్జెక్ట్, తప్పనిసరి అయింది.

ఇది మన ఒక్కళ్ళ తిప్పలే కాదు. స్పానిష్, ఇటాలియన్ మాట్లాడేవాళ్ళ భాషల్లోనూ క్రియకి తోకలుంటాయి, వాళ్ళూ ఇంగ్లీష్ మొదలుపెట్టినప్పుడు సరిగ్గా మనలాగే సబ్జెక్ట్ మింగేస్తారు. కాబట్టి సిగ్గుపడాల్సిందేమీ లేదు, పని మొదలుపెడదాం.

మొదటి మెట్టు: ముందు వెర్బ్‌ని దొరకబుచ్చుకోండి

సబ్జెక్ట్ ఏదో తెలియాలంటే నేరుగా దాని కోసం వెతక్కండి. ముందు వెర్బ్, అంటే క్రియ, దొరకాలి. దానికి నేను వాడే చిట్కా, వాక్యాన్ని "నిన్న"లోకి మార్చి చూడడం. "మై సిస్టర్ వాక్స్ టు స్కూల్" అన్న వాక్యం తీసుకోండి. ఇది నిన్న జరిగిందనుకుంటే "మై సిస్టర్ వాక్డ్ టు స్కూల్" అవుతుంది. ఏ మాట మారింది? "వాక్స్" కాస్తా "వాక్డ్" అయింది, మిగతావి ఉన్నచోటే ఉన్నాయి. మారిందే వెర్బ్.

రెండు ముక్కలుగా ఉన్న వెర్బ్‌కి కూడా ఇదే పని చేస్తుంది. "ద చిల్డ్రన్ ఆర్ ప్లేయింగ్" నిన్నకి మారితే "ద చిల్డ్రన్ వర్ ప్లేయింగ్". మారింది "ఆర్" ఒక్కటే, "ప్లేయింగ్" కదల్లేదు. అలా మారే చిన్న ముక్కనే హెల్పింగ్ వెర్బ్ అంటారు. దీన్ని గుర్తుపెట్టుకోండి, ఇంకాసేపట్లో దీనితోనే అసలు పని ఉంది.

రెండో మెట్టు: వెర్బ్‌ని "ఎవరు? ఏది?" అని అడగండి

వాక్స్ దొరికింది కదా, ఎవరు వాక్స్? "మై సిస్టర్." అదే సబ్జెక్ట్. ఇంతవరకూ అందరూ చెప్పేదే.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది. బడిలో మనకి సబ్జెక్ట్ అంటే కర్త అని, కర్త అంటే పని చేసినవాడు అని నేర్పారు. మొదట్లో అది బాగానే ఉంటుంది, తర్వాత అదే కాళ్ళకి అడ్డం పడుతుంది. "ద డోర్ ఓపెన్డ్" అన్నప్పుడు తలుపు ఏ పనీ చెయ్యలేదు, ఎవరో తోశారో గాలే వీచిందో, అయినా సబ్జెక్ట్ తలుపే. "ద లెటర్ వాజ్ సెంట్ యస్టర్డే"లో ఉత్తరం పంపింది ఎవరో వాక్యంలో లేనే లేరు, సబ్జెక్ట్ మాత్రం "ద లెటర్". "ద వాటర్ ఈజ్ కోల్డ్"లో నీళ్ళు చల్లగా ఉండడం తప్ప చేస్తున్న పని ఏముంది? కాబట్టి "పని చేసింది ఎవరు" అని అడగడం మానేసి, "ఈ వెర్బ్ ఎవరి గురించి, దేని గురించి చెబుతోంది" అని అడగండి. ఓపెన్డ్ అయింది ఏది, సెంట్ అయింది ఏది, కోల్డ్‌గా ఉన్నది ఏది.

మూడో మెట్టు: సబ్జెక్ట్ ఎక్కడిదాకా ఉందో కొలవండి

"హి", "షి", "దే" లాంటి ఒక్క మాట సబ్జెక్ట్ అయితే ఏ గొడవా లేదు. నిజంగా చదివే వాక్యాల్లో సబ్జెక్ట్ చాలాసార్లు బారుగా ఉంటుంది. ఇది చూడండి:

"ద మ్యాన్ విత్ టు బ్లాక్ డాగ్స్ ఈజ్ వెయిటింగ్ అవుట్‌సైడ్."

ఎవరు వెయిటింగ్? చాలామంది "డాగ్స్" అంటారు, ఎందుకంటే వెర్బ్‌కి ఆనుకుని ఉన్నది అదే. మరికొందరు "మ్యాన్" అంటారు, అది దగ్గరికొచ్చిన జవాబు, కానీ మొత్తం కాదు. ఇలాంటప్పుడు రెండు పరీక్షలున్నాయి. మొదటిది, "హి, షి, ఇట్, దే" వీటిలో ఒకదాన్ని పెట్టి, వాక్యంలో ఎంత ముక్క ఎగిరిపోతుందో చూడడం. "హి ఈజ్ వెయిటింగ్ అవుట్‌సైడ్." అంటే "ద మ్యాన్ విత్ టు బ్లాక్ డాగ్స్" అన్నదంతా ఎగిరిపోయి "హి" వచ్చి కూర్చుంది. ఆ ఎగిరిపోయిందంతా సబ్జెక్టే. "హి విత్ టు బ్లాక్ డాగ్స్ ఈజ్ వెయిటింగ్" అంటే వినడానికే ఎబ్బెట్టుగా ఉంది కదా, అందుకని "ద మ్యాన్" ఒక్కటే తీస్తే సరిపోదు.

రెండోది ప్రశ్నగా మార్చే పరీక్ష, నాకు ఇదే ఎక్కువ నమ్మకం. అవును కాదు అని జవాబొచ్చే ప్రశ్న అడగాలంటే ఇంగ్లీష్‌లో హెల్పింగ్ వెర్బ్ లేచి సబ్జెక్ట్ మీంచి దూకి ముందుకొస్తుంది. "ఈజ్ ద మ్యాన్ విత్ టు బ్లాక్ డాగ్స్ వెయిటింగ్ అవుట్‌సైడ్?" ఈజ్ ఎంత మేర దూకిందో అంత మేరా సబ్జెక్ట్. హెల్పింగ్ వెర్బ్ లేని వాక్యమైతే డూ, డజ్, డిడ్‌లలో ఒకటి బయటికొస్తుంది: "మై సిస్టర్ వాక్స్" కాస్తా "డజ్ మై సిస్టర్ వాక్?" అవుతుంది.

ఇంత కొలత ఎందుకంటే, వెర్బ్ ఈజ్ అవ్వాలా ఆర్ అవ్వాలా అని తేల్చేది సబ్జెక్ట్‌లోని అసలు మాట. పక్కన ఆనుకుని ఉన్న మాటకి ఆ అధికారం లేదు. కుక్కలు రెండున్నా మనిషి ఒక్కడే కాబట్టి "ఈజ్". "ద కలర్ ఆఫ్ ద వాల్స్ ఈజ్ నైస్"లో బాగున్నది రంగు, గోడలు కావు. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్ ఎ డ్రైవర్"లో ఫ్రెండ్స్ ఎంతమందైనా డ్రైవర్ ఒక్కడే. తెలుగులో ఈ చిక్కు మనకి అంతగా తెలియదు, ఎందుకంటే మనం "గోడల రంగు", "రెండు కుక్కలున్న మనిషి" అంటాం, అసలు మాట చివర్లో వస్తుంది, క్రియకి దగ్గరగా ఉంటుంది. ఇంగ్లీష్‌లో అసలు మాట ముందే వచ్చేసి, తర్వాత దాని వెనకాల "ఆఫ్", "విత్", "ఇన్" అంటూ బండి చివర తగిలించిన సామాను లాగ మిగతాదంతా వేలాడుతుంది. కాబట్టి కళ్ళు ఎడమ వైపుకి పోనివ్వండి.

"ఎవ్రీవన్" దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మనకి "అందరూ వచ్చారు" బహువచనం, కానీ ఇంగ్లీష్‌లో "ఎవ్రీవన్ ఈజ్ హియర్", ఏకవచనం. "పీపుల్" మాత్రం "ఆర్". "న్యూస్" చివర "స్" ఉన్నా "ఈజ్". వీటికి లాజిక్ వెతక్కండి, అలవాటు చేసుకోండి.

నాలుగో మెట్టు: మీరు రాసేటప్పుడు తోకని తలగా మార్చండి

ఇప్పటిదాకా చేసింది వేరేవాళ్ళు రాసినదాంట్లో వెతకడం. ఇక సొంతంగా రాయడం. ఒక కాగితం మీద మీ మనసులో ఉన్న తెలుగు వాక్యాన్ని రాయండి, క్రియ తోక కింద గీత గీయండి, ఆ తోక ఎవరిదో దాన్ని ఇంగ్లీష్‌లో వాక్యం మొదట పెట్టండి. "ఫోన్ చేశాడు": తోక "డు", అంటే "హి". "హి కాల్డ్." "మర్చిపోయాం": తోక "ం", అంటే "వి". "వి ఫర్గాట్." మొదటి వారం రోజులు ఇది పిల్లల పనిలా అనిపిస్తుంది, అయినా చెయ్యండి, చేతికి అలవాటైతేనే నోటికి వస్తుంది.

అయితే తెలుగులో కొన్ని క్రియలకి మనిషి ఎవరో చెప్పే తోక ఉండదు, జాగ్రత్తగా ఉండాల్సింది వీటితోనే. "రాలేదు" చూడండి: నేను రాలేదు, నువ్వు రాలేదు, వాళ్ళు రాలేదు, అన్నిటికీ అదే. వెళ్ళాలి, వెళ్ళొచ్చు, వెళ్ళకూడదు, తెలుసు, కావాలి, వద్దు... ఇవన్నీ ఆ బాపతే. ఇలాంటివి వచ్చినప్పుడు మనం సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటాం, రాసేవాడికి తన సందర్భం తనకి తెలుసు కాబట్టి చదివేవాడికీ తెలుసనే అనుకుంటాడు. నా మెసేజ్ మొదటి ముక్క సరిగ్గా అక్కడే చెడింది. కాబట్టి తోక లేని క్రియ కనిపిస్తే ఆగి, ఎవరు అని మిమ్మల్ని మీరే అడగండి. "వెళ్ళాలి" అంటే ఎవరు వెళ్ళాలి? నేనైతే "ఐ హావ్ టు గో", ఆవిడైతే "షి హాజ్ టు గో".

ఒక మాట ఒప్పుకోవాలి. ఇంగ్లీష్ సొంత భాషగా ఉన్నవాళ్ళు కూడా చాటింగ్‌లో, డైరీల్లో "సెంట్ ఇట్", "విల్ కాల్ లేటర్" అని ఐ తీసేసి రాస్తుంటారు. వాళ్ళు రాస్తే తప్పు కాదు, మనం రాస్తే తప్పా అని మీరు అడగొచ్చు. వాళ్ళు కావాలని తీసేస్తారు, ఎక్కడ తీస్తే అర్థం చెడదో వాళ్ళకి తెలుసు. పెట్టడం వచ్చాక తీసేయడం మీకూ వస్తుంది.

ఐదో మెట్టు: "నాకు"తో మొదలయ్యే వాక్యాలు

నన్నడిగితే తెలుగువాళ్ళకి అసలు పరీక్ష ఇదే, అందుకని ఇక్కడ కాస్త నెమ్మదిగా నడుద్దాం.

ఆకలి, దాహం, నిద్ర, కోపం, జ్వరం, ఇష్టం, అనుమానం, ఇవన్నీ తెలుగులో మన దగ్గరికి వాటంతటవే నడుచుకుంటూ వస్తాయి. నాకు ఆకలేస్తోంది, నాకు నిద్రొస్తోంది, నాకు కోపమొచ్చింది. మనం ఊరికే కూర్చుని ఉంటాం, అవి వచ్చి మీద పడతాయి. ఇంగ్లీష్‌లో అలా కుదరదు, మనిషే ముందు నిలబడాలి. "నాకు" అన్నది "ఐ" అవుతుంది, "మీకు" అన్నది "యు", "ఆమెకి" అన్నది "షి". "టు మి హంగర్ ఈజ్ కమింగ్", "స్లీప్ ఈజ్ కమింగ్" అని రాస్తే ఆకలీ నిద్రా ఇద్దరు చుట్టాలు దారిలో ఉన్నట్టు ఉంటుంది.

"ఐ" పెట్టాక వెర్బ్ ఏం పెట్టాలన్నదే తర్వాతి ప్రశ్న. ఇవి మూడు గుంపులుగా ఉంటాయి. శరీరానికీ మనసుకీ కాసేపు ఉండి పోయే స్థితులు చాలావరకూ "ఐ యామ్"తో వస్తాయి: "ఐ యామ్ హంగ్రీ", "ఐ యామ్ థర్స్టీ", "ఐ యామ్ స్లీపీ", "ఐ యామ్ యాంగ్రీ", "ఐ యామ్ కోల్డ్". చాలా జబ్బులూ నొప్పులూ, మనకున్న మనుషులూ వస్తువులూ, టైమ్, డౌట్, పని, ఇవి "ఐ హావ్"తో వస్తాయి: "ఐ హావ్ ఎ హెడేక్", "ఐ హావ్ టు సిస్టర్స్", "ఐ హావ్ ఎ డౌట్". మూడో గుంపులో వెర్బే సూటిగా ఉంటుంది: నాకు తెలుసు "ఐ నో", నాకు కావాలి "ఐ వాంట్", నాకు ఇష్టం "ఐ లైక్", నాకు గుర్తుంది "ఐ రిమెంబర్", నాకు అర్థం కాలేదు "ఐ డిడ్ నాట్ అండర్‌స్టాండ్".

"నచ్చింది"తో తమాషా జరుగుతుంది. "ఆ సినిమా నాకు నచ్చింది"ని వరస చెడకుండా మార్చి "దట్ ఫిల్మ్ లైక్డ్ మి" అంటే, ఆ సినిమాకి మీరు నచ్చారని అర్థం. సినిమాకి అంత అభిరుచి ఉండదు కాబట్టి "ఐ లైక్డ్ దట్ ఫిల్మ్" అనండి. అలాగే బోర్ కొడుతోందని చెప్పబోయి "ఐ యామ్ బోరింగ్" అనేవాళ్ళు చాలామంది. ఐ ఇక్కడ సబ్జెక్ట్, దాని గురించి మీరు చెప్పింది బోరింగ్ అని, అంటే ఎదుటివాళ్ళని విసిగించే మనిషిని నేను అని మీ నోటితో మీరే చెప్పుకున్నట్టు. విసుగు పుడుతున్నది మీకైతే "ఐ యామ్ బోర్డ్", విసుగు పుట్టిస్తున్నది క్లాసు అయితే "ద క్లాస్ ఈజ్ బోరింగ్". సబ్జెక్ట్‌లో మీరున్నారా క్లాసు ఉందా చూసుకుంటే ఈ రెండూ ఎప్పటికీ తారుమారు కావు.

ఇప్పుడు నా పాత మెసేజ్‌ని బాగుచెయ్యండి చూద్దాం. "ఐ డిడ్ నాట్ కమ్ యస్టర్డే. ఐ హాడ్ ఎ ఫీవర్. ఐ విల్ కమ్ టుమారో." మూడు వాక్యాలు, మూడు ఐలు. ఇన్నిసార్లు ఐ, ఐ అంటే గర్వంగా అనిపించదా అని ఒకసారి ఒకావిడ నన్ను అడిగారు. తెలుగులో "నేను నేను" అంటే అనిపిస్తుంది, ఇంగ్లీష్‌లో అనిపించదు, అక్కడ ఐ అన్నది మన "ను" అనే తోకకి బదులు నిలబడ్డ మాట, అంతే. దాన్ని ఎప్పుడూ పెద్ద అక్షరంతోనే రాయాలి, అది కూడా గర్వం వల్ల కాదు.

ఆరో మెట్టు: ఎవరూ లేనప్పుడు కూడా ఎవరో ఒకరిని నిలబెట్టండి

వర్షం పడుతోంది, చలిగా ఉంది, ఐదైంది, చీకటి పడింది. వీటిలో మనిషి లేడు. తెలుగులో "చలిగా ఉంది" అంటే ఏది చలిగా ఉంది అని ఎవరూ అడగరు. ఇంగ్లీష్ మాత్రం ఖాళీ కుర్చీని ఒప్పుకోదు, కూర్చోడానికి ఎవరూ లేకపోతే "ఇట్"ని తెచ్చి కూర్చోబెడుతుంది. "ఇట్ ఈజ్ రెయినింగ్", "ఇట్ ఈజ్ కోల్డ్", "ఇట్ ఈజ్ ఫైవ్", "ఇట్ ఈజ్ డార్క్". ఈ ఇట్‌కి అర్థం వెతక్కండి, ఏమీ లేదు. వాతావరణం, టైమ్, రోజు, దూరం, ఈ నాలుగింటికీ ఇట్ తప్పనిసరని పెట్టుకోండి. "ఎంత దూరం?" అంటే "హౌ ఫార్ ఈజ్ ఇట్?", "2 కిలోమీటర్లు" అంటే "ఇట్ ఈజ్ టు కిలోమీటర్స్". తలుపు కొట్టి "నేనే" అన్నా "ఇట్స్ మి" అనాల్సిందే.

బారైన మాటని మొదట పెట్టడం బరువుగా ఉన్నప్పుడు కూడా ఈ ఇట్ ఆదుకుంటుంది. "రోజూ పొద్దున్నే లేవడం కష్టం" అన్నదాన్ని "గెటింగ్ అప్ ఎర్లీ ఎవ్రీ డే ఈజ్ హార్డ్" అనొచ్చు, తప్పేం లేదు, కానీ మామూలుగా "ఇట్ ఈజ్ హార్డ్ టు గెట్ అప్ ఎర్లీ ఎవ్రీ డే" అంటారు. చిన్న ఇట్ ముందు కూర్చుంటుంది, బరువంతా వెనక్కి పోతుంది.

ఇంకొకటి "దేర్". ఒక చోట ఏదో ఉందని కొత్తగా చెప్పేటప్పుడు దీన్ని వాడతాం. "బల్ల మీద పుస్తకం ఉంది", "దేర్ ఈజ్ ఎ బుక్ ఆన్ ద టేబుల్." "ఒక సమస్య ఉంది", "దేర్ ఈజ్ ఎ ప్రాబ్లమ్." అదే "నాకు ఒక సమస్య ఉంది" అంటే మళ్ళీ మన ఐదో మెట్టుకే, "ఐ హావ్ ఎ ప్రాబ్లమ్." దేర్ ముందున్నా ఈజ్, ఆర్ తేల్చేది మాత్రం వెనకున్న మాటే: "దేర్ ఆర్ త్రీ చైర్స్." ఇట్‌కీ దేర్‌కీ తేడా తెలియక "ఇట్ ఈజ్ ఎ బుక్ ఆన్ ద టేబుల్" అనకండి, అప్పుడు ఏదో ఒక వస్తువుని చూపించి అది పుస్తకం అని చెబుతున్నట్టు అవుతుంది.

లోకంలో ఎవరైనా అన్న అర్థంలో వచ్చేవి ఇంకో రకం. "ఇక్కడ బండి ఆపకూడదు" అంటే "యు కాంట్ పార్క్ హియర్", ఇందులో యు అంటే మీ ఎదురుగా ఉన్నవాడు ఒక్కడే కాదు, ఎవరైనా. "అలా అంటారు" అంటే "దే సే దట్" లేదా "పీపుల్ సే దట్".

మిగతా చిన్న చిన్న జాగ్రత్తలు

తెలుగులో "వచ్చింది" అంటే అమ్మ కావచ్చు, బస్సు కావచ్చు, పిల్లి కావచ్చు. ఇంగ్లీష్‌లో అమ్మ "షి", బస్సు "ఇట్". తోక చూసి తల పెట్టేటప్పుడు ఈ ఒక్క చోట తోకని నమ్మకండి, మనిషో వస్తువో చూసుకోండి. గౌరవం దగ్గర కూడా ఇంతే. "మా నాన్నగారు వచ్చారు" అని మనం బహువచనం వాడతాం, దాన్నిబట్టి "మై ఫాదర్ హావ్ కమ్" అనో "దే హావ్ కమ్" అనో అంటే ఎంతమంది నాన్నగార్లు అని అడుగుతారు. ఎంత పెద్దవారైనా ఒక్కరే కాబట్టి "హి", "హాజ్". మేము, మనం రెండూ "వి"యే, అందులో ఎదుటివాళ్ళు ఉన్నారో లేదో ఇంగ్లీష్ చెప్పదు, అవసరమైతే విడిగా చెప్పుకోవాలి.

వదిలేయకూడదన్న భయంతో కొందరు రెండుసార్లు పెట్టేస్తారు: "మై బ్రదర్ హి వర్క్స్ హియర్." ఒక కుర్చీలో ఇద్దరు. బ్రదర్ ఉంటే హి వద్దు, హి ఉంటే బ్రదర్ వద్దు. "మి అండ్ మై ఫ్రెండ్ వెంట్" అని మాటల్లో చాలామంది అంటారు, రాసేటప్పుడు "మై ఫ్రెండ్ అండ్ ఐ వెంట్" అనండి. "ఆయన డాక్టర్" అన్నదాంట్లో తెలుగులో క్రియే లేదు, ఇంగ్లీష్‌లో "హి ఈజ్ ఎ డాక్టర్", కుర్చీ పక్కనే ఈజ్ ఉండాలి.

సబ్జెక్ట్‌ని నిజంగా వదిలేయగలిగేది ఆజ్ఞలో. "సిట్ డౌన్", "వెయిట్", "కమ్ హియర్". ఎదురుగా ఉన్న మనిషికే చెబుతున్నాం కాబట్టి యు లోపలే ఉండిపోతుంది. ఇక ప్రశ్నలో హెల్పింగ్ వెర్బ్ దూకేస్తుందని చెప్పుకున్నాం కదా, "వేర్ డు యు లివ్?"లో సబ్జెక్ట్ యు, మధ్యలో ఉంది. "హూ కేమ్?" అన్నప్పుడు మాత్రం ఆ "హూ"యే సబ్జెక్ట్, అందుకే అక్కడ "డిడ్" రాదు, "హూ డిడ్ కేమ్" అనకండి.

చేసి చూద్దాం

ఈ చిన్న ముక్క చదవండి: "పొద్దున్నే లేచాను. బయట చలిగా ఉంది. గదిలో ఎవరూ లేరు. తలుపు తీసి ఉంది. భయమేసింది. అన్నయ్యకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. కాసేపటికి తిరిగొచ్చాడు. నవ్వొచ్చింది."

9 వాక్యాలు. వీటిలో విడిగా, పైకి కనిపించే సబ్జెక్టులు ఎన్ని? "ఎవరూ", "తలుపు", రెండే. భయం, నవ్వు ఉన్నాయి కానీ క్రియకి అతుక్కుపోయాయి, ఇంగ్లీష్‌లో అవి ఎలాగూ సబ్జెక్టులు కావు. ఒక్కొక్కటే తీసుకుందాం. లేచాను, తోక ను: "ఐ గాట్ అప్ ఎర్లీ." చలిగా ఉంది, వాతావరణం: "ఇట్ వాజ్ కోల్డ్ అవుట్‌సైడ్." ఎవరూ లేరు, ఒక చోట ఉండడం లేకపోవడం: "దేర్ వాజ్ నో వన్ ఇన్ ద రూమ్." తలుపు, పైకే ఉంది: "ద డోర్ వాజ్ ఓపెన్." భయమేసింది, ఎవరికి? నాకు, కాబట్టి ఐ: "ఐ వాజ్ స్కేర్డ్." ఫోన్ చేశాను: "ఐ కాల్డ్ మై బ్రదర్." ఎత్తలేదు, తోక లేని క్రియ, ఆగి అడగాలి, ఎవరు? అన్నయ్య: "హి డిడ్ నాట్ ఆన్సర్." తిరిగొచ్చాడు, తోక డు: "హి కేమ్ బ్యాక్ ఆఫ్టర్ ఎ వైల్." నవ్వొచ్చింది, మళ్ళీ నాకు: "ఐ లాఫ్డ్."

"ఎత్తలేదు" దగ్గర మీరు హి పెట్టకుండా "డిడ్ నాట్ ఆన్సర్" అని వదిలేసి ఉంటే, చదివేవాడు పైవాక్యంలోని ఐని కిందికి లాక్కొచ్చి, ఫోన్ ఎత్తనిది మీరే అనుకునే ప్రమాదం ఉంది.

ఇప్పుడు మీ ఫోన్ తీసి, ఈమధ్య ఇంగ్లీష్‌లో మీరు పంపిన మెసేజ్ ఏదైనా తెరవండి. ప్రతి వెర్బ్ మీదా వేలు పెట్టండి, వేలికి ఎడమ పక్కన ఎవరైనా ఉన్నారా లేదా చూడండి. ఆజ్ఞా కాదు, ప్రశ్నా కాదు, అయినా ఎడమ పక్కన ఖాళీగా ఉందంటే అక్కడ ఎవరు కూర్చోవాలో పూర్తి చేసి, ఆ వాక్యాన్ని ఒకసారి పైకి చదవండి.